తరిగి కడిగిన వేరు

కాటా మీద పెట్టిన బుట్టను కాటాయన కాలితో పక్కకు తోశాడు. చేత్తో దించి ఉంటే అంత చప్పుడయ్యేది కాదు. బుట్ట ఒక పక్కకు ఒరిగి, నాలుగు వేర్లు నేల మీద పడ్డాయి.

అత్త వంగి వాటిని ఏరుకుంది. ఒక్కోదానికి అంటిన దుమ్ము అరచేత్తో తుడిచి, తిరిగి బుట్టలో పడుకోబెట్టినట్టు పెట్టింది. ఆమె వెనక వరుసలో ఇంకో పన్నెండు మంది ఆడవాళ్ళున్నారు. అందరి నెత్తినా బుట్టలే. కొన్నిట్లో ఆకులు, కొన్నిట్లో బెరళ్ళు, ఒకామె బుట్టలో చిన్న చిన్న నీలం పువ్వులు.

"ఏమయ్యా, కాళ్ళకు పని చెప్తున్నావు, చేతులకేమన్నా జబ్బా?" అంది అత్త.

"నన్నంటే ఏం లాభం పెద్దమ్మా? నీ బుట్ట తీసుకోవద్దని లోపల్నుంచి చెప్పారు." కాటాయన ఆమె మొహం చూడకుండా గేటు వైపు వేలు చూపించాడు. "అదిగో, రాసి అంటించారు కూడా."

గేటు ఇనపరేకు మీద తెల్లకాగితం ఉంది. అత్తకు చదువు రాదు. చుట్టూ చూసింది. కడుగుడు గది కిటికీలో కోడలు కనిపించింది.

"ఏమే, ఇలా రా. ఇందులో ఏముందో చదువు."

కోడలు తడిచేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చింది. ఆ భవనంలో ఆరేళ్ళుగా ఆమెది కడిగే పని. అడవి మొక్కల వేర్లలో, పువ్వుల్లో ఏయే రసాయనాలున్నాయో తేల్చే చోటు అది. బయటి ఆడవాళ్ళు తెచ్చిన వేరు ముందుగా ఆమె చేతికే వస్తుంది. పరీక్షలన్నీ అయ్యాక మిగిలిన గాజుసామానూ ఆమె చేతికే వస్తుంది. మధ్యలో ఏం జరుగుతుందో ఎవరూ ఆమెకు చెప్పలేదు. చూసి తెలుసుకుంది.

కాగితం మీది అక్షరాలు ఆమె ముందు మనసులోనే చదువుకుంది. 

"చదవవే. గుటకలెందుకు?"

"'ఈ నెల నాలుగు, ఎనిమిది తేదీల్లో గునపమ్మ అనే ఆమె తెచ్చిన పచ్చవేరు కల్తీ. ఇకపై ఆమె దగ్గర ఏదీ తీసుకోకూడదు.'"

వరుసలో గుసగుసలు మొదలయ్యాయి. గునపమ్మ అన్నది అత్త అసలు పేరు కాదు. గునపంతో తవ్వుతుందనీ, మాట కూడా గునపంలా దిగుతుందనీ తోటివాళ్ళు సరదాగా పెట్టుకున్న పేరు. ఆమె అసలు పేరు కాటాయన పుస్తకంలో పదేళ్ళుగా ఉంది. కల్తీ చేసిందని రాసేటప్పుడు ఆ పుస్తకం తెరిచి చూసే ఓపిక కూడా ఎవరికీ లేకపోయింది.

అప్పుడే కొత్త సారు బయటికి వచ్చాడు. ఈ చోటికి వచ్చి రెండు నెలలే అయినా అందరూ ఆయన్ని చూసి గొంతు తగ్గిస్తారు. తెల్లకోటు జేబులో ఎప్పుడూ మూడు పెన్నులుంటాయి.

"నేనేం కలిపాను నాయనా?" అని అత్త సూటిగా అడిగింది.

"దొంగవేరు కలిపావు. అదీ చూడ్డానికి పచ్చగానే ఉంటుంది. పోయిన నెల నీ వేరులో అసలు పదార్థం వందకు నాలుగు పాళ్ళుంది. ఈ నెల ఒక పాలు కూడా లేదు. దానంతట అదే లేచిపోయిందా?"

"నేను కలుపుతుంటే నువ్వు చూశావా?"

"నేను చూడక్కర్లేదు. యంత్రం చెప్తుంది."

"నాతోపాటు యంత్రం కూడా కొండెక్కిందన్నమాట. నాకు కనపళ్ళేదే!"

వరుసలో ఎవరో కిసుక్కుమన్నారు. కొత్త సారు చెవులు ఎర్రబడ్డాయి. ఆయన అత్తను వదిలేసి, వెనక ఉన్న పన్నెండు మంది వైపు తిరిగాడు.

"పచ్చవేరు మొక్కకు పువ్వు రాలి నెలయింది. పువ్వు లేకపోతే ఆ మొక్కకీ దొంగవేరు మొక్కకీ తేడా మా పుస్తకాల్లోనే లేదు. ఈమెకెలా తెలుస్తుంది? ఏది దొరికితే అది తవ్వి తెచ్చింది. మీలో ఇంకెవరైనా ఇలాంటి వేషాలేస్తే వాళ్ళ కాగితం కూడా ఈ పక్కనే అంటిస్తాను."

ఆ మాట తర్వాత ఎవరూ నవ్వలేదు. అత్త బుట్ట ఎత్తుకోబోయింది. నిండు బుట్టను నెత్తికెత్తడానికి ఎప్పుడూ ఎవరో ఒకరు సాయం పడతారు. ఈసారి పన్నెండు జతల చేతులూ ఎక్కడివక్కడే ఉండిపోయాయి. కోడలు ముందుకు ఒక అడుగు వేసింది.

"నువ్వెక్కడికి? లోపల బకెట్లు నిండి పొర్లుతున్నాయి" అన్నాడు సారు.

కోడలు ఆగిపోయింది. అత్త బుట్టను ముందు మోకాలి మీదికి, తర్వాత భుజం మీదికి, చివరికి నెత్తి మీదికి తానే ఎత్తుకుంది. మెడ నరాలు ఉబ్బాయి. వెళ్ళిపోతూ కోడలి వైపు ఒక్క చూపు చూసింది. ఆ చూపు తిట్టుకంటే బరువుగా ఉంది.

*

సాయంత్రం ఇంట్లో ఎవరూ ఆ మాట ఎత్తలేదు. కొడుకు గోడలకు రంగులు వేసే పని నుంచి వచ్చి, గోళ్ళలో ఇరుక్కున్న తెల్లరంగు పుల్లతో గీక్కుంటూ గడపలో కూర్చున్నాడు. అత్త మూలన కూర్చుని గునపం మొన నూరుతోంది. అది పొద్దున్నే నూరినదే. ఇంకా నూరాల్సిన అవసరం లేదు.

కోడలు పాలల్లో రొట్టె తుంచి వేసి, ఏడేళ్ళ కూతురి నోటికి ఒక ముక్క అందించింది. పిల్ల నమిలీ నమలకముందే థూ అని ఊసేసింది.

"చేదు!"

"పాలు ఇప్పుడే కాచానే."

"పాలు కాదు. నీ చెయ్యి చేదు. మొన్న కూడా చేదుగానే ఉంది."

"అమ్మ నోట్లో ఉండాల్సింది చేతుల్లోకి దిగిందిలే" అని తండ్రి నవ్వాడు. ఆ ఇంట్లో ఆ రోజు అదొక్కటే నవ్వు. దానికి కూడా ఎవరూ తోడు రాలేదు.

గునపం నూరే చప్పుడు ఆగింది. అత్త లేచి వచ్చి కోడలి కుడిచెయ్యి పట్టుకుని దీపం దగ్గరకు లాక్కెళ్ళింది. గోళ్ళ చుట్టూ, వేళ్ళ సందుల్లో, అరచేతి గీతల్లో లేత పసుపురంగు పాకి ఉంది. ఎన్ని సార్లు సబ్బు పెట్టినా పోని రంగు. అత్త ఆ వేలు తన నాలుక మీద పెట్టుకుంది. కళ్ళు మూసుకుంది. మొహం చిట్లించలేదు. ఎవరో తెలిసిన మనిషి గొంతు చీకట్లో విని గుర్తుపట్టినట్టు తలూపింది.

"ఇది నా వేరే" అంది. "దొంగవేరు నాలుక చివర చురుక్కుమని పోతుంది. ఇది వెనక్కి జారి గొంతులో కూర్చుంటుంది. నా వేరు నీ చేతికెందుకు ఎక్కింది? ఇన్నేళ్ళలో ఎప్పుడూ లేదే?"

"ఇప్పుడు పద్ధతి మారింది అత్తా."

"ఏం మారింది?"

కోడలు చెప్పింది. ఇంతకుముందు వేరును వేరులాగే ఉంచి, కుచ్చుబ్రష్షుతో మట్టి పోయేదాకా రుద్ది, నీళ్ళు కారిపోయాక ముక్కలు తరిగేది. వేరు పంగల్లో ఇరుక్కున్న రాయి ఒకటి పోయిన నెల పొడి చేసే మరలో పడి, కత్తి వంకరపోయింది. అప్పట్నుంచి సారు కొత్త పద్ధతి పెట్టాడు. ముందు సన్నగా తరగాలి. తర్వాత ఆ ముక్కల్ని మూడు నీళ్ళల్లో కడగాలి. ఒక్కో నీళ్ళల్లో అరగంట నానాలి.

అత్త విన్నంతసేపూ కోడలి చెయ్యి వదల్లేదు.

"తరిగా?" అంది. "తరిగాక కడుగుతున్నావా?"

"అవును."

"గంటన్నర?"

"గోడ మీద రాసిపెట్టారు. రోజూ వచ్చి గడియారం కూడా చూస్తాడు."

అత్త ఆ చెయ్యి విదిలించి కొట్టింది. "ఒసేయ్, కూర తరిగి కడిగితే సారమంతా తొట్టిపాలవుతుందని మొన్న నీ కూతురికి నువ్వే చెప్పావు కదే! అంతా నీళ్ళల్లోకి దింపి తూములో పారబోసి, పిప్పిని యంత్రానికి పెట్టి, గునపమ్మ దొంగది అంటారా? కొండంతా మోకాళ్ళ మీద పాకి నేను తెస్తే, నా పేరు నీ చేతుల్తోనే కడిగి పారబోశావు కదే!"

కోడలికి ఏడుపు రాలేదు. ఆమెకే ఆశ్చర్యమేసేంత కోపం వచ్చింది. "నన్నెందుకంటావు? తరగొద్దు సార్ అని నేనంటే వింటారా? ఆ గదిలో నేను మనిషిని కాదు అత్తా, కుళాయిని. తిప్పితే రావాలి, కట్టేస్తే ఆగాలి."

"కుళాయి కూడా నీళ్ళు రాకపోతే గుర్రుమంటుంది" అని అత్త మళ్ళీ మూలకు వెళ్ళిపోయింది.

*

బుధవారం పొద్దున కోడలు తలుపు దగ్గర నిలబడి, సారు పుస్తకం మీంచి తలెత్తేదాకా ఆగింది. ఆయన మొత్తం పేజీ చదివి, తిప్పి, ఇంకో పేజీ కూడా చదివాడు.

"ఏంటి?"

"సార్, పచ్చవేరు కడిగిన నీళ్ళు చేదుగా ఉంటున్నాయి. తరగడం వల్ల నీళ్ళల్లోకి దిగిపోతోందేమో అని..."

"నోట్లో పెట్టుకున్నావా? ఇది ప్రయోగశాల. వంటగదనుకున్నావా?"

"నోట్లో కాదు సార్, చేతికి..."

"చూడు." ఆయన పుస్తకం తిప్పి ఆమె వైపు పెట్టాడు. అది ఆమెకు రాని భాషలో ఉంది. ఆ సంగతి ఆయనకూ తెలుసు. "ఇదొక ఆల్కలాయిడ్. స్పిరిట్‌లో బాగా కరుగుతుంది. చన్నీళ్ళలో చాలా మెల్లగా కరుగుతుంది. మెల్లగా అని ఇక్కడ రాసుంది. మీ అత్త తెచ్చిన వేరు కాబట్టి నీకు బాధగా ఉండొచ్చు. ఇంటి సంగతులు గేటు బయట పెట్టి రావాలి."

"మెల్లగానే కదా సార్, గంటన్నర..."

"వెళ్ళు."

ఆమె వెళ్ళింది. కడుగుడు గదిలో తొట్టి అంచు రెండు చేతులతో పట్టుకుని చాలాసేపు నిలబడింది. ఆరేళ్ళలో ఆమె పగలగొట్టింది రెండే రెండు గాజు గొట్టాలు. ఇప్పుడు అరలో ఉన్నవన్నీ ఒక్కొక్కటిగా గోడకేసి కొట్టాలనిపించింది. కొట్టలేదు. మూడు గొట్టాలు కడిగి బోర్లించింది.

ఊళ్ళో కుళాయి దగ్గర ఆ సాయంత్రం అత్త బిందె వంతు రాగానే వెనకనుంచి ఎవరో, "పెద్దమ్మా, నీళ్ళల్లో ఏమన్నా కలిపేవు, చూసి పట్టుకో" అన్నారు. ఆ మాట అన్న ఆమెది చెడ్డ మనసు కాదు. అత్తతో ఎప్పుడూ వేళాకోళమే ఆడుతుంది. అయినా అత్త సగం బిందెతోనే ఇంటికి వచ్చేసింది. ఆ సగం బిందె సంగతి పిల్ల చెప్పేదాకా కోడలికి తెలియదు.

*

పోయిన శనివారం, ఎనిమిదో తేదీన, అత్త తెచ్చిన బుట్టలో సగం వేర్లు ఇంకా తడిగోనె కింద ఉన్నాయి. కల్తీకి సాక్ష్యంగా పైవాళ్ళకు చూపించాలి, వాటిని కూడా కడిగిపెట్టమని గురువారం సారు చెప్పాడు. కోడలు చెప్పినట్టే చేసింది. సన్నగా తరిగింది. కత్తిపీట మీద ముక్క పడుతుంటే కోసిన చోటల్లా పచ్చని తడి ఊరింది. మూడు నీళ్ళల్లో అరగంట చొప్పున నానబెట్టింది. ఒక్క విషయం మాత్రం చెప్పినట్టు చెయ్యలేదు. నీళ్ళు తూములో పోయలేదు. మూడు గాజు గ్లాసుల్లో విడివిడిగా పట్టి కిటికీలో పెట్టింది. ఎండ తగలగానే మొదటి గ్లాసు పచ్చగా మెరిసింది. రెండోది లేత పచ్చ. మూడోదాన్ని తెల్లకాగితం ముందు పెడితేగాని రంగు తెలియలేదు.

మధ్యాహ్నం సారు భోజనానికి వెళ్ళాడు. పరీక్ష గదిలో ఎవరూ లేరు. తెల్లపూత పూసిన గాజు పలకలు ఆరేళ్ళుగా ఆమె కడుగుతూనే ఉంది. ఏ చుక్క ఎక్కడ పెడతారో, పలకను సీసాలో ఎంత లోతు ముంచుతారో, ద్రావకం ఎంత పైకి పాకాక తీస్తారో కడిగే మనిషికి తెలియకుండా ఉండదు. వెంట్రుకంత సన్నని గొట్టంతో పలక అడుగున వరుసగా చుక్కలు పెట్టింది. మొదటిది, సీసాలో ఉన్న అసలు పదార్థం. తర్వాత మూడు నీళ్ళూ. చివరిది, అత్త వేరు పొడి నుంచి సారే తీసిన రసం. 

ద్రావకం పలక మీద పాకుతుంటే ఆమె తలుపు వైపు చూడలేదు. చూస్తే కాళ్ళు పరుగెత్తుతాయని తెలుసు. పలక తీసి, ఊది ఆరబెట్టి, నీలి దీపం పెట్టెలో పెట్టి కన్ను ఆనించింది.

మొదటి చుక్క ఆకుపచ్చ కలిసిన పసుపుతో వెలుగుతోంది. సరిగ్గా దాని పక్కనే, అంతే ఎత్తులో, మొదటి నీళ్ళ చుక్క. అంతే వెలుగు. రెండోది కొంచెం తక్కువ. మూడోది ఇంకా తక్కువ. పొడి రసం చుక్క ఉందో లేదో అన్నట్టుంది.

"ఎవరు ముట్టుకోమన్నారు దాన్ని?"

సారు తలుపులో ఉన్నాడు. కోడలు పక్కకు జరిగింది. జరగడమే ఆమె జవాబు. ఆయన రెండడుగుల్లో వచ్చి పెట్టెకు కన్ను ఆనించాడు. 

చాలాసేపు కన్ను తీయలేదు. తర్వాత కడుగుడు గదికి వెళ్ళి మూడు గ్లాసులూ తనే తెచ్చుకున్నాడు. కొత్త పలక తీసి, తన చేత్తో మళ్ళీ చుక్కలు పెట్టాడు. మళ్ళీ అదే వచ్చింది. మూడో పలక కూడా చేశాడు. కోడలు గోడ పక్కనే నిలబడి ఉంది. కూర్చోమని గానీ వెళ్ళమని గానీ ఆయన అనలేదు.

"ఇంతసేపు నానబెట్టమని నీకెవరు చెప్పారు?" అని చివరికి అడిగాడు.

ఆమె చెయ్యెత్తి కడుగుడు గది గోడ వైపు చూపించింది. అక్కడ ఆయన చేతిరాత, కింద ఆయన సంతకం.



శుక్రవారం పొద్దున ఆమె పనిలోకి వచ్చేసరికి గేటు మీద కాగితం లేదు. లోపల గోడ మీద పాత కాగితమూ లేదు. దాన్ని చింపేటప్పుడు నాలుగు మూలలు గోడకే అంటుకుని మిగిలాయి. ఆ మూలల మీదే కొత్త కాగితం అంటించారు. 'పచ్చవేరు: ముందు కడగాలి. తర్వాత తరగాలి.' అదే చేతిరాత. ఎప్పట్నుంచో అలాగే ఉన్నట్టు, తేదీ లేదు.

కాటాయన కడుగుడు గది కిటికీలోంచి తల పెట్టాడు. "మీ అత్తను రేపు బుట్ట తెమ్మన్నారు. సోమవారానికి నమూనా పంపాలంట. ఆమె తప్ప ఆ వేరు తెచ్చేవాళ్ళు ఎవరున్నారు? తొందరగా తెమ్మను."

"ఇంకేమన్నా చెప్పారా?"

"ఇంకేం చెప్పాలి?" అన్నాడు కాటాయన నిజంగానే అర్థం కాక.

*

"ఆయనేమన్నాడు?" అని అత్త, మధ్యాహ్నం కబురు చెప్పడానికి ఇంటికొచ్చిన కోడల్ని అడిగింది.

"ఏమీ అనలేదు."

"నన్ను దొంగ అన్నప్పుడు పన్నెండు మంది విన్నారు. కాదని తెలిసినప్పుడు ఎంతమంది విన్నారు?"



"పోనీలే అమ్మా, కాగితం తీసేశారుగా" అన్నాడు భోజనానికి వచ్చిన కొడుకు. "పెద్దవాళ్ళతో మనకెందుకు?"

"నీ మీద బురద చల్లి, బకెట్టు తీసుకెళ్ళి దాచేస్తే నీ ఒంటి మీద బురద పోతుందట్రా?" అత్త గునపం భుజాన వేసుకుంది. "రమ్మన్నారుగా. వస్తాను."

అప్పట్నుంచి చీకటి పడేదాకా ఆమె కొండ మీదే ఉంది. పచ్చవేరు మొక్క ఇప్పుడు ఏ ముళ్ళకంపో అన్నట్టుంటుంది. పువ్వు లేదు, కాయ లేదు. అత్త ఆకు వెనక వేలితో నిమురుతుంది. నూగు తగిలితే వదిలేస్తుంది. నున్నగా ఉంటే మొదలు దగ్గర మట్టి తీసి, గోరుతో గిచ్చి, నాలుకకు తగిలించి చూస్తుంది. పువ్వుల కాలంలో అయితే ఎవరైనా తేగలరు. కానీ పువ్వు విచ్చిన రోజుల్లో వేరులో ఏమీ మిగలదు. సారమంతా పైకి పోతుంది. పుస్తకంలో రాయని మాట అది. ఒకసారి కోడలికి చెబుతూ, "కళ్ళకు కనబడే రోజున చేతికి రాదు, చేతికొచ్చే రోజున కళ్ళకు కనబడదు. దాని పొగరు దానిది" అని నవ్వింది.

శనివారం పొద్దున ఆమె బుట్ట మామూలుకంటే నిండుగా ఉంది. వరుసలో ముందే నిలబడింది. వెనక ఆ పన్నెండు మందీ ఉన్నారు. కోడలు కిటికీలోంచి చూస్తోంది.

"రా పెద్దమ్మా, దించు" అన్నాడు కాటాయన, ఈసారి రెండు చేతులూ చాచి.

అత్త దించలేదు. "ఇక్కడొక కాగితం ఉండాలి. ఏది?"

"అది తీసేశారులే."

"పెట్టినప్పుడు అందరికీ చూపించి పెట్టారు. తీసినప్పుడు ఎవరికి చూపించారు? నా వేరు మంచిదని రాసి, అది పెట్టిన చోటే పెట్టండి. అప్పుడు దించుతాను."

"పొద్దున్నే ఏం గొడవ పెద్దమ్మా..."

"గొడవ కాదు. బుట్ట నా నెత్తి మీదుంది, నీ నెత్తి మీద కాదు. నీకేం బరువు?"

కాటాయన లోపలికి వెళ్ళాడు. వెనక వరుసలో నీలం పువ్వులామె అత్త పక్కనుంచి ముందుకొచ్చి కాటా దగ్గర ఆగింది. ఒకసారి కాటాను, ఒకసారి అత్త మెడను చూసింది. మళ్ళీ వెనక్కి వెళ్ళి తన చోట నిలబడింది. ఆ తర్వాత ఇంకెవరూ ముందుకు రాలేదు.

సారు ఒక కాగితం పట్టుకొచ్చాడు. సిరా ఇంకా తడిగానే ఉంది. గేటుకు అంటించబోతుంటే అత్త ఆపింది. "ముందు చదవాలి. మీరొద్దు. నా కోడలు చదువుతుంది."

కోడలు బయటికి వచ్చి కాగితం అందుకుంది. మూడు వరుసలున్నాయి. ఆమె మూడూ కళ్ళతో చూసింది. మూడోదాని దగ్గర ఆగింది. తలెత్తి అత్తను చూసింది. నిండు బుట్ట కింద అత్త మెడ సన్నగా వణుకుతోంది. ఇంకో నిమిషంలో ఆ బుట్ట దిగాలి. దిగడానికి రెండు వరుసలు చాలు.

"'ఈ నెల నాలుగు, ఎనిమిది తేదీల్లో వచ్చిన పచ్చవేరు అసలైనదే అని తేలింది'" అని చదివింది.  "'ఇందులో కల్తీ ఏమీ లేదు. తెచ్చిన ఆమె తప్పు ఏమీ లేదు.'" కాగితం మడిచింది. "అంతే అత్తా. ఇక దించు."

వరుసలో ఎవరో 'హమ్మయ్య' అన్నారు. అత్త మాత్రం కదల్లేదు.

"మడత విప్పు."

"అయిపోయింది అత్తా."

"నాకు చదువు రాదు గానీ కళ్ళున్నాయి. మూడు వరుసలున్నాయి. పైకి చదివేటప్పుడు నీ చూపు రెండిటి మీదే నడిచింది. మూడోది చదువు."

కోడలు సారు వైపు చూసింది. ఆయన పెన్నుల జేబు సర్దుకుంటున్నాడు. ఆమె కాగితం విప్పింది.

"'కడిగే పనిమనిషి అజాగ్రత్త వల్ల ఈ పొరపాటు జరిగింది.'"

 కాటా పళ్ళెం గాలికి చిన్నగా ఊగుతోంది.  అత్త గొంతు పెద్దగా లేదు. వెనకవాళ్ళు వినడానికి దగ్గరకు జరగాల్సి వచ్చింది.

"నా మొహం కడిగి, ఆ నీళ్ళు నా కోడలి మీద పోస్తావా నాయనా? ఇంట్లో నేను దాన్ని వంద అంటాను. పొద్దుటి నుంచి పడుకునేదాకా అంటూనే ఉంటాను. అది నా ఇల్లు. అబద్ధం మాత్రం ఒక్కటీ అనను. ఆ మూడో వరుస నాది కాదు, దానిదీ కాదు. ఎవరిదో వాళ్ళు తీసుకోండి."

"నమూనాకు టైమవుతోంది" అన్నాడు సారు. అది ఎవరితో అన్నాడో తెలియలేదు.

"నాకేం తొందర లేదు."

ఆయన పన్నెండు మంది వైపు చూశాడు. ఎవరి బుట్టా దిగలేదు. కాటాయన వైపు చూశాడు. కాటాయన కాటా ముల్లు వైపు చూస్తున్నాడు. ఆఖరికి చెయ్యి చాచి కోడలి దగ్గర కాగితం తీసుకున్నాడు. గేటు రేకు మీద ఆనించి మూడో వరుసను కొట్టేశాడు. కొట్టేస్తున్నప్పుడు పెన్ను రెండు చోట్ల కాగితాన్ని చీల్చింది.

"సరే. ఏం రాయమంటారు?"

ఆ ప్రశ్న ఆయన అత్తను అడిగాడు. అత్త జవాబు చెప్పలేదు. కోడలి వైపు చూసింది.

కోడలు ఎప్పుడూ ఆయన మొహంలోకి చూసి మాట్లాడలేదు. ఇప్పుడు చూసింది. ఆయన వయసు తన మొగుడంతే ఉంటుందని, ఎడమ కంటి కింద చిన్న మచ్చ ఉందని అప్పుడే తెలిసింది.

"'తరిగి కడగమని రాసిచ్చింది నేను' అని రాయండి సార్" అంది. "కింద సంతకం పెట్టండి. తేదీ కూడా."

ఆయన రాయడానికి చాలాసేపు పట్టింది. రాసింది ఒక్క వరుసే. కాగితం ఇచ్చేటప్పుడు ఆమె చేతికి ఇవ్వకుండా కాటా బల్ల మీద పెట్టి లోపలికి వెళ్ళిపోయాడు. అత్తను ఒక్కసారి కూడా చూడలేదు.

కోడలు కాగితం తీసి, గేటు పక్కన నిలబడి, చివరి మనిషికి కూడా వినబడేలా మొత్తం చదివింది. కొట్టేసిన వరుసను కూడా వదల్లేదు. 'ఇది కొట్టేశారు' అని చెప్పి మరీ చదివింది. ఆ తర్వాత సంతకం, తేదీ.

"అయిందా?" అంది అత్త.

"అయింది."

"అయితే నిలబడి చూస్తావేమే, మెడ విరిగిపోతోంది. పట్టు!"

వెనక నుంచి నాలుగైదు జతల చేతులు ముందుకొచ్చాయి. అత్త తల పక్కకు తిప్పుకుంది. ఆ చేతుల్లో దేన్నీ తగలనివ్వకుండా, కోడలు వచ్చి అంచు పట్టుకునేదాకా అలాగే నిలబడింది.